వీరవేణి విప్పిన ఫ్యూయల్ పంపు

వీరవేణికి కారు నడపడం యాభై నాలుగో ఏట వచ్చింది. అంతకుముందు ఇరవయ్యేళ్ళ పైచిలుకు ఆమె తిరుగుడంతా స్కూటీ మీదే. అమలాపురం పక్కన భట్నవిల్లిలో ఏఎన్‌ఎం ఉద్యోగం. కాళ్ళ దగ్గర టీకాల పెట్టె, భుజానికి రిజిస్టర్ల సంచీ. వానాకాలంలో కూడా కాలవగట్టు బురదలో కాలు ఆనించకుండా బండి తీసుకుపోతుందని ఆశా కార్యకర్తలు చెప్పుకునేవారు. పిల్లలకి సూది వేసేటప్పుడు ఆమె చెయ్యి చూడాలి. తల్లి ‘అయ్యో’ అనేలోపు సూది బయటికి వచ్చేస్తుంది, బిడ్డకి ఏడవాలన్న సంగతి ఆ తర్వాత ఎప్పుడో గుర్తొస్తుంది. ఊళ్ళో ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ నర్సమ్మగారే.

ఆ నర్సమ్మగారు ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు స్టీరింగు పట్టుకోవలసి రావడానికి కారణం ఆమె భర్త ఆదినారాయణ.

ఆదినారాయణ మస్కట్‌లో ఇరవయ్యేళ్ళు మెకానిక్కుగా చేశాడు. ఆ గ్యారేజీకి వచ్చేవన్నీ నేలకి జానెడెత్తున ఉండే కార్లు, పైకప్పు మడిచే కార్లు. వాటిని బాగుచేసి, ఆవరణలోనే రెండు చుట్లు తిప్పి చూసి, తాళాలు యజమాని చేతిలో పెట్టెయ్యాలి. గేటు దాటి రోడ్డెక్కే వీలు మెకానిక్కులకి లేదు. రెండువేల పద్నాలుగులో ఉద్యోగం మానుకుని ఇంటికి వచ్చేశాక ఆయన మనసుపడింది ఒక్కదాని మీదే. కాట్రేనికోనలో ఒక రొయ్యల రైతు షెడ్డులో, మేత బస్తాల వెనకాల, అలాంటి కారొకటి పడి ఉందని ఎవరో చెప్పారు. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. సీట్లు ఎలకలు కొరికేశాయి, టైర్లు నేలకి అంటుకుపోయాయి. “తీసుకుపోండి బాబూ, షెడ్డు ఖాళీ అవుద్ది” అన్నాడు ఆ రైతు.

ఆదినారాయణ దాన్ని ఇంటి వెనక కొబ్బరాకుల పందిరి కిందికి చేర్చి మూడేళ్ళు పనిచేశాడు. మొదటిసారి రోడ్డెక్కించిన రోజున పైకప్పు మడిచి, వీరవేణిని పక్కన కూర్చోబెట్టుకుని ఓడలరేవు దాకా తీసుకెళ్ళాడు. ముడి ఊడిపోయి, కళ్ళలో దుమ్ము పడి, దారి పొడుగునా ఆమె విసుక్కుంటూనే ఉంది. రెండోసారి వెళ్దామన్నప్పుడు మాత్రం తలకి తువ్వాలు చుట్టుకుని, ఆయన చొక్కా తొడుక్కునేలోపే వెళ్ళి కూర్చుంది.

ఇరవయ్యేళ్ళపాటు ఏడాదికో రెండేళ్ళకో నలభై రోజులు మాత్రమే కలిసి బతికిన మొగుడూ పెళ్ళాలు వాళ్ళు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడుకోవాలో తెలిసేది కాదు. ఆ కార్లో పక్కపక్కన కూర్చుని, ఇద్దరూ రోడ్డు వైపే చూస్తూ వెళ్తుంటే మాటలు వాటంతట అవే వచ్చేవి.

తర్వాత ఆయన కుడిచేతి బొటనవేలు వణకడం మొదలుపెట్టింది. చూడగానే వీరవేణికి అనుమానం వచ్చింది. కాకినాడ తీసుకెళ్తే డాక్టరుగారు పార్కిన్సన్స్ అన్నారు. మందులతో కొన్నాళ్ళు నెమ్మదించింది గానీ, ఒక సాయంత్రం గేరు మార్చబోయి చెయ్యి జారి ఎదురుగా వచ్చే ఆటోకి తగలబోయేసరికి ఆదినారాయణ కారు పక్కకి ఆపి, తాళం తీసి భార్య ఒళ్ళో పెట్టాడు. “నువ్వు నేర్చుకో వేణీ. లేకపోతే దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం” అన్నాడు. ఆమె నేర్చుకుంది.

*

పోయిన భాద్రపదంలో ఇద్దరూ మండపేటలో ఉన్న కూతురు పద్మశ్రీని చూసి తిరిగొస్తున్నారు. రావులపాలెం దాటి, కొత్తపేట కూడా దాటాక కారు రెండుసార్లు దగ్గినట్టు అయి ఆగిపోయింది. వీరవేణి తాళం తిప్పింది. ఇంజను తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు.

“ఆపు. ఇప్పుడు తాళం సగం దాకా తిప్పి ఊరుకో” అన్నాడు ఆదినారాయణ, తల వెనక్కి తిప్పి. “ఏం వినపడింది?”

“ఏం వినపళ్ళేదండి.”

“అదే. వినపడాలి. వెనకాల ట్యాంకులోంచి సన్నగా తుమ్మెద చప్పుడు రావాలి. ఫ్యూయల్ పంపు పోయింది.”

ఆయన దిగి, వెనక్కి వెళ్ళి, చెప్పు మడమతో ట్యాంకు అడుగున నాలుగు దెబ్బలు కొట్టి, మళ్ళీ తిప్పమన్నాడు. సన్నగా మోత వచ్చింది, ఇంజను అందుకుంది. వీరవేణి నవ్వింది. ఆ నవ్వు తర్వాతి కల్వర్టు దాకానే. అక్కడ ఆగిన బండి ఇంక ఎన్ని దెబ్బలు కొట్టినా పలకలేదు.

రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు దింపి ఖాళీగా వస్తున్న వ్యానొకటి ఆగింది. డ్రైవరు నాగసతీష్ దిగి కారు చుట్టూ తిరిగి చూశాడు. “మా అమ్మాయికి టీకాలు మీరే ఏసేరండి నర్సమ్మగారూ” అని గుర్తుపట్టి, కొబ్బరి మోకు తీసి కారుకి కట్టాడు. లాగుతున్నంతసేపూ స్టీరింగు వీరవేణిదే. ఇంజను నడవనప్పుడు బ్రేకు రాయిలా ఉంటుందని, రెండు కాళ్ళతో తొక్కమని ఆదినారాయణ పక్కనుంచి చెబుతూ వచ్చాడు. ఇల్లు చేరేసరికి ఆమె పిక్కలు పట్టేశాయి.

మర్నాడు అమలాపురం నుంచి ఒక మెకానిక్కు వచ్చి చూసి తల అడ్డంగా ఊపాడు. “ట్యాంకు ఇప్పితే మళ్ళీ బిగించగలనో లేదో చెప్పలేనండి. పాతబడిపోయిందండి. ఇంక వదిలేసుకోండి గురువుగారూ” అన్నాడు.

“ఆయ్” అన్నాడు ఆదినారాయణ.

ఆ ఒక్క మాటే. తర్వాత కారు మీద టార్పాలిన్ కప్పాడు. పంపు దొరక్క కాదు. మామూలు చిన్న కార్లలో వాడే పంపే దీనికీ సరిపోతుందని ఆయనకి తెలుసు. రాజమండ్రి షాపుకి ఫోను చేస్తే మూడో రోజుకల్లా బస్సు పార్సిల్లో వచ్చేసింది. ఆ అట్టపెట్టె కిటికీలోనే ఉండిపోయింది. ఆయన దాని పక్కనే కూర్చుని పేపరు చదివేవాడు, దాని మీదే కళ్ళజోడు పెట్టేవాడు, విప్పేవాడు మాత్రం కాదు.

ఒక శనివారం టీకాల పని తొందరగా అయిపోయి వీరవేణి మూడింటికే ఇంటికొచ్చింది. పెరట్లో టార్పాలిన్ తీసి ఉంది. ఆదినారాయణ కారు లోపల, సీట్ల వెనక్కి వంగి, కార్పెట్టు మడిచి, స్క్రూడ్రైవరు పట్టుకుని ఉన్నాడు. కుడిచేతిని ఎడంచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. అయినా స్క్రూడ్రైవరు మొన గాడిలో కూర్చోవడం లేదు. చుట్టూ రేకు మీద రంగు గీతలు గీతలుగా లేచిపోయింది. ఎంతసేపటి నుంచి అలా ఉన్నాడో, చొక్కా వీపంతా తడిసిపోయింది.

ఆమె చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళింది. స్కూటీని వీధిలోకి నడిపించుకుపోయి, మళ్ళీ స్టార్ట్ చేసి, గట్టిగా హారను కొట్టుకుంటూ వచ్చింది. గేటు కూడా అవసరానికి మించి చప్పుడు చేసింది. పెరట్లోకి వచ్చేసరికి టార్పాలిన్ కప్పేసి ఉంది.

అన్నాలప్పుడు అంది: “రేపు ఆదివారం. నేను విప్పుతాను. మీరు పక్కన కూర్చుని చెప్పండి.”

“ఏంటి విప్పుతావు?”

“పంపు.”

ఆదినారాయణ ముద్ద ఆపాడు. “పెట్రోలు పని వేణీ అది. సూదెయ్యడం కాదు.”

“సూదెయ్యడం మాత్రం పుట్టుకతో వచ్చిందా నాకు? మొదట్లో గుమ్మడికాయకి పొడిచి నేర్చుకున్నాను.”

ఆయన కంచంలో అన్నం కెలికాడు. చివరికి, “నేను చెప్పింది చెప్పినట్టు చేస్తావా? ఎందుకూ ఏంటీ అని అడక్కుండా?” అన్నాడు.

“అడుగుతాను. అడిగే చేస్తాను.”

*

పొద్దున్నే ఆయన పెట్టిన ఆంక్షలకి వీరవేణికి తల తిరిగింది. నైలాను చీర వద్దు, నూలు చీర కట్టుకోమన్నాడు. గాజులు తీయించాడు. రెండు ఫోన్లూ ఇంట్లో బీరువాలో పెట్టించాడు. పందిరికి మూడువైపులా ఉన్న తడికలు గాలాడేలా తీయించాడు. రెండు బాల్చీల ఇసుక, తడిపిన గోనెసంచులు చేతికి అందేటట్టు పెట్టించాడు. అదీ చాలక గోడ దగ్గరికి వెళ్ళి పక్కింటి పాపాయమ్మగారిని పిలిచాడు.

“పిన్నిగారండీ, మధ్యాహ్నం దాకా పెరట్లో పొయ్యి వెలిగించకండి.”

“మరి నన్నేం తినమంటావు బాబూ?” అంది పాపాయమ్మ గోడ మీంచి తల పెట్టి. ఎనభై దాటిన మనిషి. ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదే వండుకుంటుంది.

“వేణి ఇడ్లీలు పంపుతుందండి. మధ్యాహ్నం భోజనం కూడా మా ఇంట్లోనే.”

“అయితే ఎలిగించనులే. రోజూ ఏదో ఒకటి ఇప్పుకోండి” అందావిడ.

ఆదినారాయణ స్టూలు వేసుకుని కారు తలుపు పక్కన కూర్చున్నాడు. ముందు పంపు ఫ్యూజు తీయించి ఇంజనును నాలుగుసార్లు తిప్పించాడు, గొట్టాల్లో మిగిలిన పెట్రోలు ఒత్తిడి పోవాలని. తర్వాత బ్యాటరీ వైరు ఊడదీయించాడు. ట్యాంకులో మిగిలిందంతా చేతిపంపుతో డబ్బాలోకి తోడించి, డబ్బాకి మూత బిగించి దూరంగా కొబ్బరిచెట్ల నీడలోకి పంపించాడు. డబ్బా సగం కూడా నిండలేదు.

“చూసేవా? అడుగంటే దాకా నడుపుతావు” అన్నాడు. “పంపు ట్యాంకులో పెట్రోల్లో మునిగి ఉంటుంది. ఆ పెట్రోలే దాన్ని చల్లగా ఉంచేది. ఎప్పుడూ అడుగున చుక్కలుంచుకుని తిరిగితే వేడెక్కి చస్తుంది.”

“స్కూటీ అలాగే నడుపుతాను. దానికేం కాలేదు.”

“స్కూటీకి ట్యాంకులో పంపు లేదు.”

వీరవేణి సీట్లు ముందుకి జరిపి, వాటి వెనక మోకాళ్ళ మీద కూర్చుంది. రేకు మూతకి ఆరు స్క్రూలు. నిన్నటి గీతలు కనిపించనట్టే స్క్రూడ్రైవరు పెట్టి తిప్పింది. ఐదు వచ్చేశాయి. ఆరోదాని తల అరిగిపోయి, మొన జారిపోతోంది. బలం కొద్దీ నొక్కబోయింది.

“ఆగు ఆగు. బలం కాదు. సైకిల్ ట్యూబు ముక్క కోసి దాని మీద పెట్టు. రబ్బరు మీంచి నొక్కి, చిన్నగా తిప్పు.”

రబ్బరు గాడిలో ఇరుక్కుని పట్టు ఇచ్చింది. స్క్రూ కిర్రుమని కదిలింది. “వచ్చిందండీ!” అని ఆమె చిన్నపిల్లలా అరిచింది.

మూత కింద ట్యాంకు పైభాగం, దాని మీద ఏళ్ళనాటి దుమ్ము. పంపు బిగించిన చక్రానికి చెయ్యి వెయ్యబోతే ఆయన మళ్ళీ ఆపాడు. ముందు ఆ దుమ్మంతా తుడవాలి, లేకపోతే తెరవగానే ట్యాంకులో పడుతుందన్నాడు. బ్రష్షుతో దులిపి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో తుడిచింది. గొట్టాలు రెండు. ఒకటి ఇంజనుకి వెళ్ళేది, రెండోది తిరిగొచ్చేది. తారుమారు కాకుండా ఒకదానికి తెల్ల దారం, ఒకదానికి ఎర్ర దారం కట్టమన్నాడు. క్లిప్పులు వదులుచేసి గొట్టాలు లాగుతుంటే మిగిలిన పెట్రోలు ఆమె వేళ్ళ మీదుగా గుడ్డలోకి కారింది, చల్లగా.

“వాసన వస్తోందా?” అన్నాడు.

“వస్తోందండి.”

ప్లగ్గు ఊడదీసింది. చక్రం స్క్రూలు విప్పింది. పంపు ఉన్న సామగ్రి మొత్తం ఒక్కటిగా పైకి లేస్తుందని, దానికి తేలే బుడిపె ఉన్న తీగ చెయ్యి ఒకటి ఉంటుందని, అది వంగితే పెట్రోలు ముల్లు తప్పు చూపిస్తుందని చెప్పాడు. “నిలువుగా లాగు. సగం లేచాక ఎడంవైపు వంచు, అప్పుడు చెయ్యి బయటికొస్తుంది. తొందరపడకు. వాసన ఎలా ఉంది?”

“ఉందండీ, ఉంది.”

ఆమె ఊపిరి బిగబట్టి లేపింది. సగం లేచింది. ఆగింది. ఎడమకి వంచింది. తీగ చెయ్యి అంచుకి తగులుతుందేమోనని వేలితో లోపల తడిమి తప్పించింది. మొత్తం బయటికి వచ్చింది. దాని అడుగున జల్లెడ నల్లగా, బంక పట్టి ఉంది. ఆమె దాన్ని గిన్నెలో పెట్టి, ట్యాంకు నోటి మీద శుభ్రమైన గుడ్డ కప్పింది.

“వాసన ఎక్కువగా ఉందా?” అది మూడోసారి.

“ఎక్కువా తక్కువా ఏంటండీ, ముక్కు పగిలిపోతోంటే! మీరూ పక్కనే ఉన్నారు కదా.”

ఆదినారాయణ తల పక్కకి తిప్పుకున్నాడు. వీరవేణి చేతులు తుడుచుకుంటున్నదల్లా ఆగి ఆయన మొహంలోకి చూసింది.

“మీకు రావడం లేదా?”

“ముందు బయటికి రా. గాలి ఆడనియ్యి. ఒక అరగంట దాని దగ్గరికి పోకూడదు.”

*

కొబ్బరిచెట్ల కింద సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. ఆయన చేతులు రెండూ మోకాళ్ళ మధ్య దాచుకున్నాడు.

“ఎప్పట్నుంచి?” అంది.

“ఏడాది దాటింది. ముందు జలుబనుకున్నాను.”

ఆ జబ్బు కొందరికి వాసన కూడా పోగొడుతుందని ఆమెకి తెలుసు. మొదటిసారే డాక్టరుగారు ఆ మాట అడిగితే ఆయన బాగానే ఉందన్నాడు. పోయిన వేసవిలో ఆయన వంటింట్లో కూర్చుని ఉండగానే పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా కమురు వాసన వేసింది. కాస్త ఆపలేరా, ఒళ్ళు తెలీకుండా ఉన్నారా అని ఆ రోజు గట్టిగా కేకలేసింది. ఆయన మాడిన గిన్నె తీసుకెళ్ళి తోముతూ కూర్చున్నాడు. అది గుర్తొచ్చి వీరవేణికి తలెత్తబుద్ధి కాలేదు.

“చేతులు వణికినా పని చెయ్యొచ్చు” అన్నాడు ఆదినారాయణ. “పూటలో అయ్యేది నాలుగు రోజులు పడుతుంది, అంతే. వాసన తెలీనివాడు పెట్రోలు దగ్గర కూర్చోకూడదు. నిన్న ఆ స్క్రూ దగ్గర కూర్చున్నాను...”

“చూసేను.”

“చూసేవా. స్క్రూ రాలేదని కాదు నా బాధ. వచ్చేస్తే ఏంటీ అని భయమేసింది.”

“ఇంత భయం ఎందుకండీ? ఇసుకేంటి, గోనెసంచులేంటి? పక్కింటివాళ్ళ పొయ్యి కూడా ఆపించేరు.”

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. మస్కట్ గ్యారేజీలో ఒక రోజు ఇలాంటి పంపే మారుస్తున్నారు. కారు లోపల కురియన్ అనే మలయాళీ, బయట ఆదినారాయణ. ట్యాంకు తెరిచే ఉంది. కురియన్ చేతిలో దీపం జారి కిందపడింది, బల్బు పగిలింది. తర్వాత ఒక్క శబ్దం, దుప్పటి దులిపినట్టు. కురియన్ కాళ్ళు పట్టుకుని బయటికి లాగానని మాత్రం గుర్తుంది. ఆ మంటే తన చేతులకీ అంటుకుందని, కుడిచేతికి ఎక్కువగా కాలిందని ఆసుపత్రిలో తెలిసింది.

“అబద్ధం. రేడియేటరు మూత తీస్తే వేణ్ణీళ్ళు పడ్డాయన్నారు” అంది వీరవేణి. కానీ ఆ గొంతులో ఆశ్చర్యం లేదు. ఆయన కుడిచేతి చొక్కా గుండీ విప్పి, మోచేతి దాకా మడిచింది. ముడతలుగా మెరిసే ఆ మచ్చ మీద వేలు పెట్టింది. “వేణ్ణీళ్ళు కాలిన మచ్చ ఇలా ఉండదండి. మీరు చూపించిన రోజే నాకు తెలుసు.”

“మరి అడగలేదేం?”

“అడిగితే ఇంకో అబద్ధం చెప్తారని.”

గోడవతల పాపాయమ్మగారి కోడి ఒకటి అరిచి ఊరుకుంది. వీరవేణి మనసులో లెక్క సరిచూసుకుంటోంది. “ఎప్పుడు జరిగిందిది?”

“పద్మశ్రీ ఓణీల ఫంక్షనప్పుడు.”

రెండువేల నాలుగు. ప్రతి శుక్రవారం పాపాయమ్మగారింటికి ఫోను చేసే మనిషి ఆ నెలంతా చెయ్యలేదు. ఫంక్షను రోజున కూతురికి కొత్త ఓణీ కట్టి, నాన్న ఫోను వస్తుందని ఆ ఇంటి అరుగు మీద చీకటి పడేదాకా కూర్చోబెట్టింది. రాలేదు. రాత్రే కూర్చుని ఉత్తరం రాసింది. ‘కూతురు పుట్టిందన్న సంగతి గుర్తుందా? అక్కడ కార్లే మీ పిల్లలా?’ అని రాసింది. ఇంకా ఏవేవో రాసింది. జవాబులో ఆయన ‘పని ఒత్తిడి, క్షమించు’ అని రెండు ముక్కలు రాశాడు. ఆ రెండు ముక్కల్ని ఆమె ఇరవయ్యేళ్ళుగా లోపలెక్కడో క్షమించలేదు.

“నా ఉత్తరం...” అంది.

“ఆసుపత్రికే తెచ్చిచ్చేరు. రెండు చేతులకీ కట్లు. అక్కడ రాజోలువాళ్ళబ్బాయి ఒకడు ఉండేవాడు, వాడిచేత చదివించుకున్నాను. పాపం, సిగ్గుపడిపోతూ చదివేడు. మధ్యమధ్యలో ‘ఇది కూడా చదవాలా అన్నయ్యా’ అని అడిగేవాడు.” ఆదినారాయణ నవ్వుతున్నాడు. “రెండుసార్లు చదివించుకున్నాను వేణీ.”

“అలాంటి ఉత్తరమా? దేనికి?”

“నువ్వు అంత కోపంగా ఉన్నావంటే ఇంటి దగ్గర అంతా బాగానే ఉందన్నమాట. నాకు జరిగింది మీదాకా రాలేదన్నమాట. దిట్టంగా తిట్టేవు. హాయిగా నిద్రపట్టింది.”

వీరవేణి నవ్వబోయింది. ఏడుపొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుందామంటే దానికీ పెట్రోలు అంటుకుని ఉంది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా, ఆయన మణికట్టు పట్టుకుని కూర్చుంది. ఆమె పట్టులో ఆ చెయ్యి వణుకు తగ్గింది గానీ ఆగలేదు.

“కురియన్ ఏమయ్యేడు?” అంది కాసేపటికి.

“బాగున్నాడు. కొట్టాయంలో పచారీ కొట్టు. ఏటా క్రిస్మసుకి మనకి అరటి చిప్సు పంపేది వాడే.”

“చిప్సు పంపే కురియన్ అతనా! నేనింకా మీకు బాకీ పడ్డ మనిషేమో, మొహమాటానికి పంపుతున్నాడనుకున్నాను.”

“అరగంటయింది. లే” అన్నాడు ఆదినారాయణ. “వెళ్ళి వాసన చూసి చెప్పు. తగ్గిందా లేదా.”

*

కొత్త పంపు బిగించడం బల్ల మీదే అయింది. పాతదాని వైర్లు ఏది పైన, ఏది కింద అని ముందు కాగితం మీద గీసుకుంది. పాత రబ్బరు గొట్టం చేతిలో తుంపులుగా విరిగింది. ట్యాంకు లోపల వాడేది వేరే రకం గొట్టమని, ఎప్పుడూ పెట్రోల్లో నానినా పాడవదని చెప్పి ఆదినారాయణ ఒక ముక్క ఇచ్చాడు. అది ఆయన మస్కట్ నుంచి తెచ్చుకున్న పెట్టెలోది కాదు, పంపుతోపాటు వచ్చిందే. పాతవి వాడొద్దన్నాడు, దేనికైనా వయసంటూ ఉంటుందన్నాడు. కొత్త జల్లెడ, కొత్త రబ్బరు వాచరు.

ఆమె బిగిస్తుంటే ఆయన కళ్ళు ఆమె వేళ్ళ మీదే ఉన్నాయి. చెప్పడం తగ్గిపోయింది. ఆయన చెప్పబోయేది ఆ వేళ్ళు అప్పటికే చేసేస్తున్నాయి.

“మస్కట్‌లో నా దగ్గర ఇద్దరు హెల్పర్లు ఉండేవారు. నీ అంత చెయ్యి వాళ్ళకి లేదు” అన్నాడు.

“ఇప్పుడు తెలిసిందా?”

లోపలికి దించడం బయటికి తీసినంత కష్టం కాలేదు. చక్రం స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించింది. తెల్ల దారం గొట్టం తెల్ల దారం దగ్గరికి, ఎర్రది ఎర్రదానికి. ప్లగ్గు పెట్టింది. తోడిన పెట్రోలు గుడ్డలో వడగట్టి మళ్ళీ పోసింది. ఫ్యూజు పెట్టి, చిట్టచివర బ్యాటరీ వైరు తగిలించింది.

“తాళం సగం తిప్పు. ఇంజను స్టార్ట్ చెయ్యకు.”

తిప్పింది. వెనకనుంచి సన్నగా, స్పష్టంగా మోత వచ్చి రెండు క్షణాలకి ఆగిపోయింది. ఆదినారాయణ కళ్ళు మూసుకుని విన్నాడు. “లోపల గాలుంది. ఇంకో రెండుసార్లు.” మూడోసారికి మోత బరువెక్కి, నిండుగా వినిపించింది. ఆయన తల ఊపాడు. “ఇప్పుడు దిగి వెనక్కి వచ్చి చూడు. కళ్ళతో కాదు, ముక్కుతో.”

వీరవేణి వంగింది. రేకు మూత ఇంకా బిగించలేదు. పాత వాసనే అనుకుంది ముందు. తర్వాత, కాదు, కొత్తది, పచ్చిగా, కుడివైపు నుంచి.

“వస్తోందండి. ఎర్ర దారం దగ్గర.”

“వేలు పెట్టి చూడు.”

క్లిప్పు కింద చిన్న చుక్క మెరుస్తోంది. ఆయన తాళం తీయించి, బ్యాటరీ వైరు మళ్ళీ ఊడదీయించాడు. చూస్తే క్లిప్పు గొట్టం అంచుకి మరీ దగ్గరగా పడింది. దాన్ని వెనక్కి జరిపి, తుడిచి, బిగించి, పావుగంట ఆగి, మళ్ళీ మొదట్నుంచి. ఈసారి ఆమె ముక్కు నాలుగువైపులా పెట్టి చూసింది, లేచి బయటి గాలి పీల్చుకుని వచ్చి మళ్ళీ చూసింది.

“లేదు” అంది.

“నిజంగా?”

“నా ముక్కు మీద నమ్మకం లేకపోతే పాపాయమ్మగారిని పిలవండి.”

“స్టార్ట్ చెయ్యి.”

ఇంజను ఒక్కసారికే అందుకుంది. పందిరి ఆకులు వణికాయి. గోడ మీంచి పాపాయమ్మ, “ఇంక పొయ్యెలిగించుకోవచ్చా?” అని కేకేసింది. ఇద్దరూ ఒకేసారి, “మీ భోజనం ఇక్కడేనండీ!” అన్నారు.

*

ఆ వారంలోనే వీరవేణి ఆయన్ని కాకినాడ తీసుకెళ్ళింది. వాసన సంగతి డాక్టరుగారి ముందు ఆయన చేతనే చెప్పించింది. అది తిరిగి రాకపోవచ్చని, ఇంట్లో గ్యాసు దగ్గర జాగ్రత్తగా ఉండమని డాక్టరుగారు చెప్పారు. ఇంటికొచ్చాక గ్యాసు కారితే కూతపెట్టే పరికరం ఒకటి వంటింటి గోడకి బిగించారు. దానికి కన్నాలు వేసింది కూడా వీరవేణే. పద్మశ్రీకి ఫోను చేసి ఓణీల ఫంక్షను నెల సంగతంతా చెప్పింది. ఆ వచ్చే శుక్రవారం ఆ అమ్మాయే వాళ్ళ నాన్నకి ఫోను చేసింది. ఇప్పుడు ప్రతి శుక్రవారం చేస్తుంది.

ఇప్పటికీ ఆదివారాలు సాయంత్రం పైకప్పు మడిచి ఇద్దరూ బయల్దేరతారు. మొన్న ముమ్మిడివరం వైపు వెళ్తుంటే ఆదినారాయణ అడిగాడు: “ఇక్కడేం వాసన వస్తోంది?”

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పింది. “నానబెట్టిన కొబ్బరి పీచు. ఎవరో ఊడ్చి ఆకులు తగలెడుతున్నారు... ఇప్పుడు చేపల చెరువు.”

“ఊఁ. ఇప్పుడు?”

“పకోడీలు వేస్తున్నారెక్కడో.”

“ఇక్కడ పకోడీలు ఉండవు. ఆ మలుపులో కొట్టాయన పునుగులే వేస్తాడు.”

“వాసన వచ్చేది నాకా మీకా?”

“వేసేదెవరో నాకు తెలుసు వేణీ. పక్కకి ఆపు, చూద్దాం.”

వీరవేణి ఇండికేటరు వేసి, కారు నెమ్మదిగా పక్కకి తీసింది.